పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన ఫైబర్ మా వీధిలోకి ఎందుకు రావడం లేదు?

నల్లరేగడి
మాది నల్గొండ జిల్లాలో 340 గడపల ఊరు. పంచాయతీ ఆఫీసులో సర్పంచి గదిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో గోడకు ఒక ఇనుప పెట్టె బిగించి ఆరేళ్లు దాటింది. ఫైబర్ తీగ ఆ పెట్టెలోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. మా ఇల్లు అక్కడికి సరిగ్గా 700 మీటర్లు. మా అమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. కాన్పుకు వచ్చి, సెలవు పూర్తయిన తర్వాత ఇక్కడి నుంచే పని చేసుకోవడానికి కంపెనీ వారిని ఒప్పించుకుంది. ఫోన్ సిగ్నలు మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే అందుతుంది కాబట్టి, నాలుగు నెలల పిల్లను తన తల్లికి అప్పగించి, ల్యాప్‌టాప్ పట్టుకుని ఎండలో గొడుగు కింద కూర్చుంటోంది. సాయంత్రం 7 దాటితే అదీ ఉండదు.

మూడు కంపెనీలను అడిగాను. ఒకరు మీ ఊరు మా పరిధిలో లేదన్నారు. రెండో వారు కనీసం 15 కనెక్షన్లు ఉంటేనే వస్తామన్నారు. మూడో వారు వెయ్యి రూపాయలు అడ్వాన్సు తీసుకుని, రెండు నెలలుగా ఫోన్ ఎత్తడం లేదు. ఎన్నో కిలోమీటర్లు దాటి మా పంచాయతీ దాకా వచ్చిన తీగ ఈ 700 మీటర్లు ఎందుకు రాలేకపోయిందో, ఎవరిని అడిగితే వస్తుందో తెలిసినవారు చెప్పగలరు.

పాలమూరు కార్యదర్శి
నేను పంచాయతీ కార్యదర్శిగా మూడు ఊళ్లలో పనిచేశాను. మూడింటిలోనూ ఆ పెట్టె ఉంది. మీ ప్రశ్నకు జవాబు ఆ పథకం పుట్టుకలోనే ఉంది. 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌ను ఆమోదించినప్పుడు పెట్టుకున్న లక్ష్యం, దేశంలోని సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఒక్కొక్క దానికి కనీసం 100 ఎంబీపీఎస్ చేర్చడం. 2012లో ప్రయోగాత్మకంగా ఎంచుకున్న మూడు బ్లాకులలో మన విశాఖ జిల్లా పరవాడ ఒకటి. 2015లో ఈ పథకానికే భారత్‌నెట్ అని పేరు మార్చారు. 2017 డిసెంబరు నాటికి తొలి దశలో లక్ష పంచాయతీలు పూర్తయ్యాయని ప్రకటించారు.

ఇందులో ఎక్కడా మీ ఇల్లు లేదు. పంచాయతీ వరకు ప్రభుత్వం తెస్తుంది, అక్కడి నుంచి ఇళ్లకు టెలికాం కంపెనీలు, కేబుల్ ఆపరేటర్లు తీసుకెళ్తారు అని అనుకున్నారు. ఆ అనుకోవడం చాలా ఊళ్లలో జరగలేదు. ఊరి చెరువు దాకా కాలువ తవ్వి, పొలాలకు పిల్ల కాలువలు రైతులే తవ్వుకుంటారులే అని వదిలేసినట్టయింది.

ఊరిబడి
మా ఊళ్లో ఆ గదికి తాళం వేసి ఉండేది. తాళం చెవి పాత సర్పంచి గారి ఇంట్లో ఉండిపోయింది. రెండేళ్లకు తెరిపించి చూస్తే బ్యాటరీలు ఉబ్బిపోయి ఉన్నాయి, తీగ మొదటి వర్షాకాలంలోనే తెగిపోయిందని తర్వాత తెలిసింది. ఆ రెండేళ్లూ మా బడి పిల్లల ఆన్‌లైన్ పరీక్షలకు పక్క మండలానికి ఆటో కట్టించి తీసుకెళ్లాను.

తీగలపని
నేను పశ్చిమ గోదావరిలో పదహారేళ్లుగా కేబుల్ పని చేస్తున్నాను, గత ఏడేళ్లుగా ఫైబర్. నల్లరేగడి గారూ, దూరం మీకు అడ్డు కాదు. ఫైబర్‌లో కిలోమీటరుకు పోయే వెలుతురు సుమారు 0.35 డెసిబెల్ మాత్రమే, వెలుతురు నష్టాన్ని మేము ఈ డెసిబెల్ లెక్కలోనే కొలుస్తాం. ఒకే తీగను చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో ఒక్క తీగ 20 కిలోమీటర్ల దాకా పోతుంది. అసలు నష్టం పంచడంలో ఉంటుంది. ఒక తీగను 32 ఇళ్లకు చీల్చే స్ప్లిటర్ దగ్గరే దాదాపు 17 డెసిబెల్ పోతుంది. ఇంట్లో పెట్టే పెట్టె, దానికి చేరే వెలుతురు బలం (పవర్) మైనస్ 27కు పడిపోయేవరకు తట్టుకుంటుంది. మైనస్ 20, 22 వస్తే మేము నిశ్చింతగా ఇంటికి పోతాం. 26 దగ్గర ఉంటే వానాకాలంలో ఆ ఇంటి నుంచి ఫోన్ వస్తుందని ముందే తెలుసు.

మరి కంపెనీలు ఎందుకు రావు అంటే, తీగ ఖర్చు కంటే మనిషి ఖర్చు వల్ల రావు. పట్నంలో ఒక అపార్టుమెంటుకు తీగ వేస్తే 40 కనెక్షన్లు ఒకే మెట్ల దారిలో దొరుకుతాయి. పల్లెలో అవే 40 కనెక్షన్లకు ఐదు ఊళ్లు తిరగాలి. అయితే తీగ వేసిన రోజు ఖర్చు ఒకసారితో పోతుంది, తెగిన ప్రతిసారీ వచ్చే ఖర్చే మమ్మల్ని ముంచుతుంది. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో పెట్టె మీద ఎర్ర దీపం వెలిగిందని ఫోన్ వస్తుంది. 18 కిలోమీటర్లు బండి మీద పోయి, ఎక్కడ తెగిందో వెతకాలి. ఓటీడీఆర్ యంత్రం పెడితే తెగిన చోటు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో చూపిస్తుంది కానీ ఆ యంత్రం అందరి దగ్గరా ఉండదు.

అతికే పని చూడనివారికి చెబుతాను. పై తొడుగు, లోపలి రంగు పూత గీకేస్తే మిగిలే గాజు పోగు మందం 125 మైక్రాన్లు. వెలుతురు పోయే నడిమి భాగం అందులో 9 మైక్రాన్లు మాత్రమే. స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి, క్లీవర్‌తో నిలువుగా కోసి, రెండు కొసలనూ యంత్రంలో ఎదురెదురుగా పెడితే తెర మీద రెండు దుంగల్లా కనిపిస్తాయి. ఒక చిన్న నిప్పు మెరిసి రెండూ ఒకటవుతాయి. గాలి ఎక్కువగా వీస్తే, చేతికి చెమట పడితే, పొలం గట్టున దుమ్ము లేస్తే ఆ జాయింటు సరిగా రాదు, మళ్లీ కోయాలి. ఈ యంత్రం నేను లక్షకు పైగా పెట్టి అప్పు చేసి కొన్నాను. ఊరికి ఇంటర్నెట్ రావాలంటే ఈ పని చేయగలిగిన మనిషి బండి మీద అరగంటలో చేరుకునే దూరంలో ఉండాలి. పథకాల లెక్కల్లో కిలోమీటర్లు రాస్తారు, ఆ మనిషిని రాయరు.

నల్లరేగడి
ఇంత వివరంగా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, చాలా సంతోషం. అంటే మా ఇంటి దాకా స్తంభాల మీదుగా తీగ లాగితే సరిపోతుందా, లేక తవ్వాలా?

గోదావరి గట్టు
నల్లరేగడి గారూ, స్తంభాల విషయంలో నా మాట ఒకటి వినండి. స్తంభాల మీద తీగ లాగడం చవక అనే మాటను ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఏళ్లుగా వింటున్నాం. భూమిలో తవ్వి వేస్తే 5,000 కోట్ల దాకా అయ్యేదానిని కరెంటు స్తంభాల మీద వేసి 333 కోట్లతో ముగిస్తామని లెక్క చెప్పి, దాదాపు 24 వేల కిలోమీటర్లు అలాగే లాగారు. 2016 డిసెంబరులో కోనసీమలో మోరి గ్రామంతో మొదలుపెట్టి, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌ను రాష్ట్రానికి అంకితం చేయించారు. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామన్నారు. ఆ ఆలోచనను నేను తప్పుపట్టను, మా బంధువుల ఇళ్లలో మొదటిసారి ఇంటర్నెట్ వచ్చింది దాని వల్లనే.

అయితే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం మీద పడినప్పుడు శ్రీకాకుళం జిల్లాలోని మా అత్తవారి ఊళ్లో ఉండి కళ్లారా చూశాను. కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలు వరుసగా ఒరిగిపోయాయి. స్తంభం పడితే కరెంటూ పోతుంది, ఇంటర్నెట్టూ పోతుంది, దారి తెలియని చీకట్లో కబురు చెప్పే సాధనం ఒక్కటీ మిగలదు. తుపాను తీరం ఉన్న రాష్ట్రంలో రెంటినీ ఒకే కర్రకు కట్టడం సరికాదని నా నిశ్చితాభిప్రాయం.

తీగలపని
గట్టు గారూ, తుపాను మాట నిజం, తిత్లీ తర్వాత మా వాళ్లు కూడా అక్కడికి పనికి వెళ్లారు. కానీ తుపాను ఏడాదికో రెండేళ్లకో వస్తుంది, జేసీబీ వారానికోసారి వస్తుంది. భూమిలో ఉన్న తీగ రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, డ్రైనేజీ తవ్వేటప్పుడు, పైపు పగిలినప్పుడు తెగుతుంది. తెగిందని తవ్వినవారికి తెలియదు, తెలిసినా మట్టి కప్పేస్తారు. 2023 మార్చిలో తవ్వేముందు కబురు చేసే యాప్ ఒకటి కేంద్రం తెచ్చింది. మా మండలంలో జేసీబీ డ్రైవర్లలో దానిని వాడేవారు నాకు ఇంకా ఎదురుపడలేదు. స్తంభం మీద తెగిన తీగ కంటికి కనిపిస్తుంది, గంటలో అతుకుతాను. భూమిలో అయితే రోడ్డు శాఖ అనుమతికే వారం పడుతుంది.

పాలమూరు కార్యదర్శి
మీ ఇద్దరి మాటల మధ్యలో తెలంగాణ చేసిన పని ఒకటి ఉంది. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు కూడా వేయించారు. తవ్వకం ఖర్చు ఒకటే, లాభం రెండు. అయితే పైపు పగిలినప్పుడు మరమ్మతుకు వచ్చినవారికి పక్కన ఫైబర్ ఉందన్న స్పృహ ఉండాలి. మా ఊళ్లో ఒకసారి నీళ్లు సాయంత్రానికే వచ్చాయి, ఇంటర్నెట్ రావడానికి 40 రోజులు పట్టింది.

మన్యం గాలి
మీరంతా తీగ పైనుంచా కిందనుంచా అని చర్చిస్తున్నారు. నేను అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక గిరిజన గూడెంలో ఉపాధ్యాయుణ్ణి. మా గూడేనికి రోడ్డు వచ్చి మూడేళ్లయింది, తీగ ఇంకా రాలేదు.

ఇంటర్నెట్ లేకపోతే ఏమవుతుందో పట్నం వారికి సినిమా ఆగిపోవడంగా తెలుసు. మా దగ్గర బియ్యం ఆగిపోతాయి. రేషన్ యంత్రంలో వేలిముద్ర పడాలంటే సిగ్నలు కావాలి కనుక డీలరు యంత్రాన్ని చేత్తో పట్టుకుని గుట్ట మీద చింతచెట్టు దగ్గరకు ఎక్కుతాడు, ముసలివాళ్లు కర్ర ఊతంతో ఆయన వెనకాలే ఎక్కుతారు. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు పని చోటు ఫోటో యాప్‌లో పెట్టడం తప్పనిసరి చేశారు. ఆ ఫోటో వెళ్లలేదని, చేసిన పనికి కూలి పడని వారాలు మా గూడెంలో ఉన్నాయి. ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, మాస్టారూ, నేను పనికి వచ్చినట్టు మీరైనా రాసివ్వండి అని అడిగింది. నా సంతకానికి ఆ యాప్‌లో చోటు లేదు.

సేవలన్నీ ఇంటర్నెట్‌కు ముడిపెట్టడం ముందు జరిగిపోయింది, ఇంటర్నెట్ ఇవ్వడం వెనకబడింది. నా బాధంతా ఆ వరుస తప్పడం గురించే. 2022 జులైలో 26,316 కోట్లతో 24,680 గ్రామాలకు 4జీ టవర్లు వేయాలని కేంద్రం నిర్ణయించింది. మా పక్క పంచాయతీలో టవరు నిలబడింది, గాలి అనుకూలిస్తే మాకు రెండు గీతలు కనిపిస్తున్నాయి.

పాలకేంద్రం
మన్యం గారి మాట చదివి మనసు బరువెక్కింది. మాది మైదానమే అయినా పాల కేంద్రంలో వెన్న శాతం కొలిచే యంత్రం లెక్కలు నెట్ ద్వారానే పైకి వెళ్తాయి. నెట్ లేని పూట నోటు పుస్తకంలో రాస్తాం. పదిహేను రోజుల బిల్లులో ఆ పూటలే తేడా వస్తాయి, రైతుకు నామీద అనుమానం వస్తుంది.

డాలస్ నుంచి
ఇన్ని కష్టాలు పడేకంటే ఉపగ్రహ ఇంటర్నెట్ మేలు కదా అనిపిస్తోంది. టెక్సాస్‌లో మా మిత్రుడి పశువుల క్షేత్రంలో పళ్లెం లాంటి యాంటెన్నా పెట్టుకుని హాయిగా పని చేస్తున్నాడు. పాత ఉపగ్రహాలు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండి మాట వెళ్లి రావడానికే అర సెకనుకు పైగా పట్టేది. ఇప్పటివి 550 కిలోమీటర్ల దగ్గర తిరుగుతాయి, ఆ ఆలస్యం దాదాపు తెలియదు.

ఇంటినుంచి పని
మన్యం గారి గూడేనికి ఉపగ్రహం సరైన జవాబు కావచ్చు, బడికో ఆసుపత్రికో ఒక పళ్లెం ఎంతో పనికొస్తుంది. పంచాయతీ దాకా ఫైబర్ ఉన్న 340 గడపల ఊరికి అది జవాబు కాదు. ఒక ఉపగ్రహం కిందున్న అందరూ ఒకే సామర్థ్యాన్ని పంచుకోవాలి, పైగా పళ్లెం ధర ఒక కూలి కుటుంబం మోయగలిగింది కాదు. ఫైబర్‌లో ఒక్క జీపాన్ పోర్టుకు 2.5 గిగాబిట్లు ఉంటాయి, 32 ఇళ్లు పంచుకున్నా ఎవరికీ లోటు రాదు.

మరో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అంటే 512 కేబీపీఎస్ అని చాలాకాలం లెక్క, 2023 జనవరిలో దానిని 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. ఆ లెక్కతో చూస్తే నల్లరేగడి గారి మేడ మీద కూడా బ్రాడ్‌బ్యాండ్ ఉన్నట్టే. ఆ అమ్మాయి పడే కష్టం అప్‌లోడ్‌ది. తన ముఖం, తన మాట అవతలికి వెళ్లాలి. డౌన్‌లోడ్ వేగం చూపించి ఊరుకోబెట్టే ప్యాకేజీకి ఒప్పుకోకండి, అప్‌లోడ్ ఎంతో రాతపూర్వకంగా అడగండి.

గోదావరి గట్టు
డాలస్ గారూ, ఉపగ్రహం కంటే అమెరికా నుంచి మనం తెచ్చుకోదగినది మరొకటి ఉంది. అక్కడ 1936 నాటి గ్రామీణ విద్యుదీకరణ చట్టంతో రైతులే సహకార సంఘాలుగా ఏర్పడి తమ పొలాలకు కరెంటు తెచ్చుకున్నారు. అవే సంఘాల్లో కొన్ని ఈనాడు ఫైబర్ కూడా వేస్తున్నాయి.

డాలస్ నుంచి
నిజమే. మా మిత్రుడికి కరెంటు ఇచ్చేది అలాంటి సంఘమే, ఆయన దానిలో సభ్యుడు. ఆ సంగతి నాకు తట్టలేదు.

పాలమూరు కార్యదర్శి
అది మనకు కొత్తదేమీ కాదు. సిరిసిల్లలో విద్యుత్ సరఫరా సహకార సంఘం దశాబ్దాలుగా నడుస్తోంది, కుప్పంలోనూ అలాంటి సంఘమే ఏర్పడింది. పాలకు సంఘం పెట్టుకోగలిగిన ఊరు తీగకు పెట్టుకోలేకపోదు.

నల్లరేగడి గారు ఇప్పుడు చేయవలసింది చెబుతాను. 2023 ఆగస్టులో సవరించిన భారత్‌నెట్‌ను 1,39,579 కోట్లతో ఆమోదించారు. అందులో రెండు మార్పులు మీకు ముఖ్యం. ఒకటి, పంచాయతీలను ఒంటి తీగతో కాక వలయంగా కలుపుతారు, ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి సిగ్నలు వస్తుంది. రెండు, ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చే పనిని స్థానిక ఉద్యమి అనే మనిషికి అప్పగించి రాబడిలో సగం ఇస్తారు. తీగలపని గారు అడిగిన ఆ మనిషి, కాగితం మీదనైనా, ఇతడే. గ్రామసభ తీర్మానం చేయించి, కనెక్షన్ కావాలన్న ఇళ్ల జాబితా జతచేసి, ప్రతిని మండల కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్కరి అర్జీకి, సంతకాలున్న తీర్మానానికి చాలా తేడా ఉంటుంది.

ఊరిబడి
తీర్మానానికి ముందు పెట్టె పనిచేస్తోందో లేదో చూడండి. మా దగ్గర పనిచేయని పెట్టె కాగితాల్లో రెండేళ్లు పనిచేసింది.

నల్లరేగడి
ఐదు వారాలు గడిచాయి, జరిగింది చెబుతాను.

ఊరిబడి గారు చెప్పినట్టు ముందు పెట్టె తెరిపించాం. బ్యాటరీ పోయింది, ఎర్ర దీపం వెలుగుతోంది. గ్రామసభలో 23 ఇళ్ల వారు సంతకం చేశారు. ఎక్కువమంది చదువుకునే పిల్లలున్నవారు, ఒకరు పాల కేంద్రం, ఒకరు కిరాణా కొట్టు. తీర్మానం ఇచ్చిన పదో రోజున ఇద్దరు మనుషులు వచ్చి యంత్రం పెట్టి చూశారు. మా ఊరికి కిలోమీటరున్నర దూరంలో కల్వర్టు కట్టేటప్పుడు తీగ తెగింది. ఆ కల్వర్టు కట్టి ఏడాదిన్నర అయింది. ఏడాదిన్నరగా తెగి ఉన్న తీగ గురించి ఒక్కరూ ఫిర్యాదు చేయలేదని వాళ్లు చెప్పినప్పుడు నాకు సిగ్గు వేసింది, ఎందుకంటే నేనూ చేయలేదు.

పక్క ఊరి కేబుల్ ఆపరేటరు కుర్రవాడు ముందుకు వచ్చాడు. జాయింటు పని నేర్చుకున్నవాడే. స్తంభాల మీదుగా తీగ లాగి, రామాలయం దగ్గర ఒక స్ప్లిటర్, మా వీధి మొదట్లో ఒకటి పెట్టాడు. ఇప్పటికి 19 ఇళ్లకు వచ్చింది, మిగతా నాలుగు ఎస్సీ కాలనీలో ఉన్నాయి, అటువైపు స్తంభాలు సరిపోక ఆగింది. నేను ఆ నాలుగు ఇళ్లు పూర్తి కాకుండా నెలవారీ డబ్బు మొత్తం ఇవ్వనని అతడితో చెప్పాను, అతడూ ఒప్పుకున్నాడు. మా ఇంట్లో పవర్ మైనస్ 21 అని చూపించింది. మొన్న సోమవారం మా అమ్మాయి లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, ఊయల తాడు కాలి వేలికి కట్టుకుని గంటన్నర మీటింగు చేసింది.

తీగలపని
మైనస్ 21 చాలా మంచి పవర్. కాలనీకి స్తంభాలు లేకపోతే జీఐ పైపులు పాతి లాగవచ్చు, వంద మీటర్ల లోపైతే రెండు మూడు సరిపోతాయి. రామాలయం దగ్గర కోతులు ఉంటాయా?

నల్లరేగడి
ఉన్నాయి, రావి చెట్టు నిండా అవే.

తీగలపని
అయితే స్ప్లిటర్ పెట్టెను చెట్టుకు దూరంగా గోడకు మార్పించండి, అక్కడ 15 మీటర్ల తీగ చుట్టగా వదిలిపెట్టమనండి. కొరికిన చోట కోసి అతకడానికి ఆ చుట్ట పనికొస్తుంది. తీగను మేకు చుట్టూ బిగించి కట్టనివ్వకండి, వంపు దగ్గర వెలుతురు కారిపోతుంది. కరెంటు పోయినప్పుడు కుర్రవాడి దగ్గరున్న ఓఎల్‌టీకి, అంటే అన్ని ఇళ్లకూ సిగ్నలు పంపే పెట్టెకు, ఇన్వర్టర్ ఉందో లేదో కూడా అడగండి. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా అక్కడ లేకపోతే ప్రయోజనం లేదు.

మన్యం గాలి
నల్లరేగడి గారూ, మీ తీర్మానం నకలు ఇక్కడ పెట్టగలరా? ఇళ్ల పేర్లు తీసేసి, మాటల వరుస చాలు. మా గూడెంలో వచ్చే గ్రామసభ 14వ తేదీన ఉంది, టవరు నుంచి బడికి ఒక లింకు అడగాలని అనుకుంటున్నాం.

నల్లరేగడి
ఇవాళ రాత్రికి టైపు చేసి పెడతాను మాస్టారూ. మా కార్యదర్శి గారు రాసినది రెండు పేజీలు ఉంది, జాబితా నమూనా కూడా జతచేస్తాను.